1917: రెండు సంఘాలు, ఒక చందా పుస్తకం



తోలు గురించి రాస్తున్న ఈ వరుసలో ఇది ఆరో భాగం. పోయిన ఆదివారం కపిల బానల గురించీ, వాటికి తొండాలు కుట్టిన మా జేజినాయన గురించీ రాశాను. ఈ వారం లంద దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఈలోపు మా చెల్లెలి భర్త ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగాడు. దానికి జవాబు వెతుకుతూ పోతే లంద కాస్తా లెడ్జర్లోకి తేలింది. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఆయన తోలు చెప్పులూ బ్యాగులూ కుట్టిస్తాడు. ఒక చిన్న షెడ్డు, రెండు మిషన్లు, ఆరుగురు పనివాళ్లు. దుబాయ్‌లో ఉన్న మా ఊరి కుర్రాడి ద్వారా అక్కడి కొట్టతను రెండు వందల జతలు అడిగాడు. మా కుటుంబంలోంచి సముద్రం దాటబోతున్న మొదటి సరుకు ఇదేనని మేమంతా సంబరపడ్డాం. అలా అనుకోవడం తప్పని తర్వాత తెలిసింది, ఆ సంగతి కింద చెబుతాను.

కొనే అతను 'సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్' పంపమన్నాడు. ఈ సరుకు ఇండియాలోనే తయారైందని చెప్పే కాగితం అది. దాన్ని ఇచ్చే అధికారం ఉన్న ఒక చాంబర్ ఆఫ్ కామర్స్ ఆఫీసుకి ఇతను వెళ్లాడు. ఏ చాంబరో ఇక్కడ అనవసరం. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు గానీ, మొదటిసారి కదా, అడిగి తెలుసుకుందామని వెళ్లాడు. సభ్యులకైతే ఒక రేటు, బయటివాళ్లకైతే ఇంకో రేటు అని కౌంటర్లో చెప్పారు. పోనీ సభ్యత్వం తీసుకుంటానన్నాడు. "పాత సభ్యులు ఇద్దరు మీ పేరు ప్రతిపాదించాలి. మీకు ఇక్కడ ఎవరు తెలుసు?" అన్నారు. ఎవరూ తెలియదు. "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని ఇంకో ప్రశ్న వచ్చింది. దాని అర్థం మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎక్కువ రేటు కట్టి కాగితం తెచ్చుకున్నాడు. ఎవరూ తిట్టలేదు, తోసెయ్యలేదు, కుర్చీ కూడా వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ గోడమీద మాజీ అధ్యక్షుల ఫొటోల కింద ఇంటిపేర్లు చదువుకున్నాడట. ఆ రాత్రి ఫోన్ చేసి, "బావా, మనకంటూ ఒక చాంబర్ పెట్టుకుంటే ఎంతవుద్ది?" అన్నాడు.

అడిగింది డబ్బు లెక్క. నేను చదివింది సాహిత్యం. అయినా ఎవరి డబ్బుతో ఎవరి సంఘం నడిచిందనేది చరిత్ర ప్రశ్న కూడా కాబట్టి తవ్వడం మొదలుపెట్టాను.

గౌరవ కార్యదర్శి అంటే ఎవరు?

లోకంలో మొదటి వర్తక మండలిగా చెప్పేది ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు పట్టణంలో 1599లో పుట్టినదాన్ని. ఫ్రాన్సు, జర్మనీ పద్ధతిలో ఈ మండళ్లు చట్టంలో భాగం. వ్యాపారం చేసే ప్రతివాడూ ఏదో ఒక రూపంలో వాటి ఖర్చు మొయ్యాల్సిందే. బ్రిటన్ దారి వేరు. 1783లో గ్లాస్గోలో పెట్టినట్టుగా, ఇష్టమున్న వర్తకులు చేరతారు, చందా కడతారు, తమలో తామే పెద్దల్ని ఎన్నుకుంటారు. మన దేశానికి వచ్చింది ఈ రెండో పద్ధతి. 1836లో బొంబాయిలోనూ మద్రాసులోనూ చాంబర్లు పుట్టాయి. పెట్టింది తెల్ల వర్తకులు. వాళ్ల పని ఈ దేశపు సరుకుని వాళ్ల దేశపు సంతకి చేర్చడం.

స్వచ్ఛందం అన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఎవర్నీ బలవంతపెట్టరు, ఇష్టమైతే చేరొచ్చు. కానీ బలవంతం లేనిచోట పరిచయం రాజ్యమేలుతుంది. నిన్ను లోపలికి తీసుకోవాలా వద్దా అని లోపలున్నవాళ్లే నిర్ణయిస్తారు.

ఇక చాంబర్ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ప్రవేశ రుసుం, ఏటేటా చందా, ప్రదర్శనల్లో స్టాళ్ల అద్దె, సొంత భవనం ఉంటే హాలు అద్దె, స్పాన్సర్లు. వీటితోపాటు బయటివాళ్లకి పెద్దగా తెలియని ఆదాయం ఇంకొకటుంది. అదే మా చెల్లెలి భర్త కొనుక్కొచ్చిన సంతకం. కస్టమ్స్ లాంఛనాల్ని సులభం చెయ్యడానికి 1923 నవంబరు 3న జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. సరుకు ఏ దేశానిదో ధ్రువీకరించే పనిని ప్రభుత్వాలు తగిన సంస్థలకి అప్పగించవచ్చని అందులో రాసుకున్నారు. అలా వర్తకుల ప్రైవేటు సంఘం వేసే ముద్రకి పరాయి దేశపు రేవులో విలువొచ్చింది. మన దేశంలో ఇప్పుడు ఆ అధికారం ఏయే సంస్థలకి ఉందో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జాబితా ప్రకటిస్తుంది. జాబితాలో ఉన్న చాంబర్‌కి ప్రతి ముద్రకీ ఎంతో కొంత రాబడి.

అన్నిటికంటే పెద్ద పెట్టుబడి మాత్రం లెడ్జర్లో కనపడదు. అది సమయం. గౌరవ అధ్యక్షుడు, గౌరవ కార్యదర్శి, గౌరవ కోశాధికారి అని బోర్డులు చూస్తుంటాం. గౌరవ అంటే జీతం లేని అని అర్థం. పనిదినం మధ్యాహ్నం రెండు గంటలకి మీటింగు పెడితే ఎవరు రాగలరు? షెడ్డు మూసేస్తే ఆ పూట కూలి పోయేవాడు రాలేడు, గుమస్తాకి తాళాలిచ్చి వచ్చేవాడు రాగలడు. స్వచ్ఛంద సేవ చెయ్యాలన్నా వెనకాల ఆస్తి ఉండాలి.

ఒకే ఏడాది, రెండు సంఘాలు

1917లో, నిజాం పాలనలో ఉన్న హైదరాబాదులో హైదరాబాద్ చాంబర్ ఆఫ్ కామర్స్ మొదలైంది. తర్వాత ఫ్యాప్సీ పేరుతో మనం విన్నదీ, రాష్ట్రం విడిపోయాక ఎఫ్‌టీసీసీఐ అయిందీ ఆ సంస్థే.

అదే ఏడాది నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో మనవాళ్ల సభ జరిగింది. అధ్యక్షుడు ఆ హైదరాబాదు నుంచే వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. 1888లో మాదరి భాగయ్యగా పుట్టి, 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టిన మనిషి. ఆ సభ ఏర్పాట్లలో గూడూరు రామచంద్రరావు లాంటి సవర్ణ సంస్కర్తలు ఉన్నారు. సభకి పెట్టిన పేరు పంచమ మహాజన సభ. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు.

ఆ వేదికమీద నిలబడి భాగ్యరెడ్డి వర్మ 'పంచమ' అన్న పేరునే తోసిపారేశాడు. మేం అయిదోవాళ్లం కాదు, ఈ నేలకి మొదటివాళ్లం అన్నాడు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారిపోయింది. ఆ పేరు ఎంత దూరం పోయిందంటే, 1931 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాష్ట్రంలోని మాల మాదిగల్లో దాదాపు మూడో వంతు మంది తమని ఆది ఆంధ్రులుగానే రాయించుకున్నారు.

మా చెల్లెలి భర్త ప్రశ్నకి ఈ ఘటనలో సగం జవాబుంది. పందిరి వేసింది ఒకళ్లు, మాట్లాడింది ఇంకొకళ్లు. పందిరి వేసినవాళ్లు పెట్టిన పేరుని పందిట్లోనే మార్చగలిగారు. ఇతరుల సాయం తీసుకోవడం తప్పు కాదు. ఆ సాయం మన నోటికి తాళం వేస్తుందా లేదా అన్నదే చూడాలి.

ఆ ఏడాదికి ఇంకో సంగతి కూడా ఉంది. చదువు మధ్యలో ఆపి అంబేడ్కర్ లండన్ నుంచి తిరిగొచ్చింది 1917లోనే. బరోడా ఉద్యోగంలో అవమానాలు పడి బొంబాయి చేరాక, బతుకుతెరువు కోసం షేర్లూ పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం మొదలుపెట్టాడు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషి. సలహాలు బాగానే ఉండేవి. ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. వ్యాపారం మూతపడింది. సంతకి కులం లేదని చెప్పేవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ కథే. అక్కడ ఆయనకి డిగ్రీ లేకనా, తెలివి లేకనా? లేనిది 'ఈయన మాకు తెలుసు' అని ప్రతిపాదించే ఇద్దరు పాత సభ్యులు.

ఇక చట్టసభల సంగతి చూడండి. 1909లో మద్రాసులో దక్షిణ భారత వర్తక మండలి పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబం నుంచి వచ్చినవాడు, తర్వాత జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకడు. 1919 చట్టం వచ్చాక 1920 ఎన్నికల్లో ఆ వర్తక మండలికీ, నాట్టుకోట్టై నగరత్తార్ల సంఘానికీ మద్రాసు శాసనమండలిలో ప్రత్యేక స్థానాలు దక్కాయి. వాటి సభ్యులు తమ ప్రతినిధిని తామే ఎన్నుకుంటారు. మరి మనకి? పరయ, పళ్లర్, వళ్లువర్, మాల, మాదిగ, సక్కిలియ, తొట్టియర్, చెరుమ, హొలెయ అని తొమ్మిది కులాలకి కలిపి అయిదుగురు. ఆ అయిదుగురూ ఎన్నికైనవాళ్లు కాదు, గవర్నరు నామినేట్ చేసినవాళ్లు.

చందా కట్టే సంఘానికి ఓటొచ్చింది, చందా కట్టే స్తోమత లేని కులాలకి నామినేషన్ వచ్చింది. చాంబర్ అంటే ఏదో వ్యాపారస్తుల క్లబ్బులే అనుకుని వదిలేసేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. నెలనెలా కట్టే నాలుగు డబ్బులు ఒక తరం తిరిగేసరికి శాసనసభలో కుర్చీ అయింది. 1928లో మద్రాసులో ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్న తెలుగు వర్తకులకి ఆ లెక్క బాగా తెలుసు.

మా సరుకు ఎప్పుడో సముద్రం దాటింది

ఇప్పుడు లంద దగ్గరికొద్దాం.

చచ్చిన పశువుని ఊరవతలికి మోసుకుపోవడం, తోలు వలవడం, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీయడం, తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో ఊరబెట్టడం మా గూడేల పని. ఆ పద్ధతినే పెద్దది చేసి, మద్రాసు చుట్టుపక్కల తోళ్ల మండీలు, టానరీలు వెలిశాయి. అక్కడ సగం ఊనిన తోళ్లు మద్రాసు రేవు నుంచి లండన్ వేలానికి పోయేవి. అక్కడి వర్తకంలో వాటి పేరు 'ఈస్ట్ ఇండియా కిప్స్'. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి ఆ తోళ్లే కావలసొచ్చి, ప్రభుత్వమే కొనుగోలుని చేతిలోకి తీసుకుంది.

అంటే మా చెల్లెలి భర్త చెప్పుల కంటే వందేళ్ల ముందే మావాళ్ల చేతిపని సముద్రం దాటింది. దాటినప్పుడు దానిమీద మద్రాసు ఉంది, ఎగుమతిదారుడి మార్కా ఉంది. వలిచినవాడి పేరుగానీ ఊరుగానీ లేవు. ఆ తోలుకి ఆరిజిన్ రాయాల్సి వస్తే ఏం రాయాలి? మాదిగపల్లె అని రాయాలి. అలాంటి గడి ఏ ఫారంలోనూ ఉండదు.

యుద్ధం అయ్యాక 1919లో పచ్చి తోళ్ల ఎగుమతిమీద ప్రభుత్వం 15 శాతం సుంకం వేసింది. బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఊనడానికి తీసుకెళ్తే అందులో మూడింట రెండు వంతులు వాపసు. ఇలాంటి సుంకం వల్ల టానరీ యజమానికి ఒక లాభం, పచ్చి తోళ్లు ఎగుమతి చేసేవాడికి ఒక నష్టం ఉంటాయి. వాళ్లకి సంఘాలున్నాయి, వినతిపత్రాలు రాసే గుమస్తాలున్నారు. లందలో కాళ్లు నానబెట్టుకున్నవాడికి కూడా ఆ సుంకంతో సంబంధం ఉంది. తోలుకి ధర పెరిగితే, చచ్చిన గొడ్డు ఎవరిదన్న తగువు ఊళ్లో లేస్తుంది. అంతకుముందు ముట్టుకోనివాళ్లకి కూడా ఆ తోలుమీద ఆశ పుడుతుంది. మా జేజినాయన చెప్పిన తగువులన్నీ ఇలాంటివే. చాకిరీ మాది, తోలు రేటు పెరిగిన ఏడాది హక్కు మాత్రం ఆసామిది.

మన సాహిత్యం ఈ మనిషిని చూసింది. 1941లో జాషువా గబ్బిలం రాసినప్పుడు కథానాయకుడిగా నిలబెట్టింది తోలుపని చేసే అరుంధతీ సుతుణ్ణే. తన గోడు చెప్పుకోడానికి అతనికి మనుషుల్లో ఎవరూ దొరక్క గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలు కరుణరసం అని రాస్తారు. నాకు మాత్రం అందులో ఒక సంస్థాగతమైన లోటు కనిపిస్తుంది. వర్తకుడికి గోడు ఉంటే చాంబర్ వినతిపత్రం రాస్తుంది. అరుంధతీ సుతుడికి గబ్బిలమే దిక్కు.

ఎవరి డబ్బు, ఎవరి నోరు

మరి మనవాళ్లు సంఘాలు నడపలేదా? నడిపారు. ఏ డబ్బుతో?

1920 జనవరి 31న అంబేడ్కర్ మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టాడు. కొల్హాపూర్ సాహు మహరాజ్ 2,500 రూపాయలు ఇచ్చాడు. డబ్బు కట్టి ప్రకటన వేయించుకుంటామన్నా తిలక్ పెట్టిన కేసరి పత్రిక ఆ ప్రకటన వెయ్యలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రాజు ఇచ్చిన డబ్బు పత్రిక నోరు మూయించలేదు. మన చేతిలో డబ్బున్నా కేసరిలో చోటు దొరకలేదు. కాబట్టి డబ్బు ఎంత అన్నదాంతోనే పని అయిపోదు.

అమెరికాలో నల్లజాతి వాళ్ల అనుభవం ఇంకా దగ్గరగా ఉంటుంది. 1900లో బుకర్ టి. వాషింగ్టన్ బోస్టన్‌లో నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ స్థాపించాడు. కొట్లు, బ్యాంకులు, మంగలి షాపులు, అంత్యక్రియల వ్యాపారాలు నడిపే నల్లవాళ్ల చాంబర్ అది. ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ దానికి అండగా నిలిచాడు. ముందు డబ్బు సంపాదిద్దాం, హక్కులు అవే వస్తాయన్నది వాషింగ్టన్ ధోరణి. ఓటు హక్కుని పక్కనపెట్టి సంపాదిస్తే అది నిలవదని డు బోయిస్ 1903లోనే గట్టిగా వాదించాడు. 1921లో టల్సా నగరంలో గ్రీన్‌వుడ్ పేటని తెల్ల మూకలు తగలబెట్టాయి. నల్లవాళ్ల వ్యాపారాలతో కళకళలాడిన పేట అది. చేతిలో డబ్బుంటే చెయ్యెత్తరని నమ్మేవాళ్లు గ్రీన్‌వుడ్ గురించి చదవాలి. కారంచేడు, చుండూరు చూసిన మనకి వేరే చెప్పాలా?

ఆ దేశంలో పౌరహక్కుల ఉద్యమం తర్వాతే రెండో దశ వచ్చింది. 1969లో నిక్సన్ ప్రభుత్వం మైనారిటీ వ్యాపారాల కోసం ఒక కార్యాలయం పెట్టింది. 1972లో పెద్ద కంపెనీలు చందాలు కట్టే మైనారిటీ సరఫరాదారుల మండలి ఏర్పడింది. కొనేవాడు కంపెనీ, చందా కంపెనీది, అమ్మేవాడు నల్ల వ్యాపారి. ఈ నమూనా 2002 జనవరిలో భోపాల్ దళిత సదస్సు చర్చల్లోకి వచ్చింది. 2005లో పూణేలో మిలింద్ కాంబ్లే దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ, అంటే డిక్కీ, స్థాపించాడు. ఉద్యోగం అడిగే చెయ్యి కాదు, ఇచ్చే చెయ్యి కావాలన్నది దాని మాట. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోళ్ల విధానంలో, ప్రభుత్వ రంగ సంస్థలు చిన్న పరిశ్రమల నుంచి కొనాల్సిన వాటాలో భాగంగా, మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యాపారుల నుంచి కొనాలని రాశారు. కాగితంమీద అది చిన్న విజయం కాదు. ఆచరణలో కొనుగోళ్లు ఆ 4 శాతం దరిదాపులకి కూడా రాలేదు.

ఈ దారిని విమర్శించినవాళ్లలో ఆనంద్ తేల్‌తుంబ్డే ముఖ్యుడు. కొద్దిమంది కోటీశ్వరుల్ని చూపించి కోట్లమంది కూలీల్ని మరిపిస్తారన్నది ఆ విమర్శ సారం. దాన్ని కొట్టిపారెయ్యలేను. 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో అంబేడ్కర్ బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీవిధానం రెండూ శత్రువులే అన్న సంగతి మనం ఫ్లెక్సీలమీద వెయ్యం. మా చెల్లెలి భర్త షెడ్డులో ఆరుగురు పనివాళ్లున్నారు. అతనికి చాంబర్ కావాలి సరే, ఆ ఆరుగురికి ఏం కావాలో కూడా మన సంఘమే అడగాలి కదా.

ఇరవై ముగ్గురు, ఒక గది

ఈ చరిత్రంతా మోసుకుని పోయిన ఆదివారం మా కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. ఇరవై ముగ్గురు వచ్చారు. చెప్పులు కుట్టించేవాళ్లు, రొయ్యల ఐసు బండ్లు తిప్పేవాళ్లు, జిరాక్స్ షాపతను, ఇద్దరు కాంట్రాక్టర్లు, అమెరికాకి పచ్చళ్లు పంపే మా పిన్ని. పిన్నితో కలిపి ఆడవాళ్లు నలుగురే.

డబ్బు మాట రాగానే మూడు దారులు బయటపడ్డాయి.

మొదటిది స్పాన్సర్. ఒక పెద్ద వ్యాపారి అయిదు లక్షలు ఇస్తానన్నాడట. బదులుగా లెటర్‌హెడ్‌మీద ముఖ్య పోషకుడిగా ఆయన పేరుండాలి, విదేశాలకి వెళ్లే బృందంలో ఎవరుండాలో ఆయనతో మాట్లాడాలి. కుర్రాళ్లకి ఉత్సాహం వచ్చింది. నాకు బెజవాడ పందిరి గుర్తొచ్చింది. ఆనాటి పందిరి వేసినవాళ్లు అధ్యక్షుడి ఉపన్యాసం ముందే చూపించమనలేదు. ఈయన చూపించమంటున్నాడు.

రెండోది విదేశాల్లో ఉన్న మనవాళ్లు. ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నాసరే, వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 నవంబరులో మార్చిన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అడగాలంటే సంఘానికి మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో అసలు పనిమీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు వచ్చి పడాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే. అమెరికాలో ఉన్న అన్నలు ప్రేమతో అంటారు, పంపేస్తాం తమ్ముడూ అని. ఆ ప్రేమ ఇవాళ్టికి మన ఖాతాలోకి రాదు.

మూడోది మన చందా. నెలకి రెండు వందలు అన్నాను. కొందరు నవ్వారు. "సార్, దీంతో ఎగుమతులు చేస్తామా?" అన్నాడు ఒక తమ్ముడు. లెక్క చెప్పాను. నలభై మంది నెలకి రెండు వందలు కడితే ఏడాదికి 96,000. గది అద్దె, వారానికి రెండు పూటలు వచ్చే అకౌంటెంటు, ఒక కంప్యూటరు వరకు సరిపోతుంది. ఎగుమతి చెయ్యడానికి కావలసిన ఐఈసీ కోడు దరఖాస్తు రుసుం 500 రూపాయలే. ఇన్నాళ్లూ మనం ఆగింది ఆ 500 లేక కాదు, ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో చెప్పే మనిషి లేక. చాంబర్ మొదటి పని ఆ మనిషిని కూర్చోబెట్టడం. విమానం టిక్కెట్లు, ప్రతినిధి బృందాలు తర్వాత సంగతి.

అయినా గదిలో ఊగిసలాట పోలేదు. అప్పుడు పిన్ని అంది: "నేను పొదుపు సంఘంలో రోజుకో రూపాయి దాచినప్పట్నించీ ఉన్నా. రూపాయి కట్టిన ఆడదానికి లెక్క అడగడానికి నోరొచ్చింది. ఊరికే ఇచ్చినచోట దణ్ణం పెట్టి రావడమే. అయిదు లక్షలు తీసుకుంటే ఆయన్ని లెక్కెవరు అడుగుతారు? ఆయనే మనల్ని అడుగుతాడు."

నేను వారం రోజులు చదివి చెప్పబోయింది ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఊరూరా లేచిన రోజుకో రూపాయి పొదుపు, 1978 డిసెంబరు 6న కాన్షీరాం మొదలుపెట్టిన బామ్‌సెఫ్‌లో మన ఉద్యోగులు జీతంలోంచి తీసి సమాజానికి తిరిగిచ్చిన వాటా, రెండూ మన చేతుల్లో పుట్టిన ఆర్థికశాస్త్రమే. చాంబర్ కోసం గ్లాస్గోని నకలు చెయ్యనక్కర్లేదు.

చివరికి ఒప్పుకున్నవి ఇవి. రోజువారీ ఖర్చంతా సభ్యుల చందాతోనే. స్పాన్సర్ డబ్బు తీసుకుంటే ఏదో ఒక కార్యక్రమానికి మాత్రమే, అదీ ఏడాది మొత్తం రాబడిలో నాలుగో వంతు దాటకుండా. ప్రభుత్వ పథకాల డబ్బుని మాత్రం మొహమాటం లేకుండా అడుగుతాం, అది దయ కాదు, మన పన్ను, మన హక్కు. మూడు నెలలకోసారి జమాఖర్చులు అందరికీ చదివి వినిపించాలి. కొత్త సభ్యుడికి ప్రతిపాదించేవాళ్లు అక్కర్లేదు. మాల, మాదిగ, ఉపకులాల లెక్కలు లేవు. మీటింగులు రాత్రి ఏడు తర్వాతే. గౌరవ కార్యదర్శికి దారి ఖర్చులు సంఘమే ఇస్తుంది, పూట కూలి పోగొట్టుకుని ఎవరూ సేవ చెయ్యక్కర్లేదు.

ఒక్క విషయం తేలలేదు. షెడ్డుల్లో పనిచేసేవాళ్లకి సభ్యత్వం ఇవ్వాలన్నాను. యజమానుల సంఘంలో పనివాళ్లేంటని కాంట్రాక్టర్లిద్దరూ లేచి నిలబడ్డారు. మా చెల్లెలి భర్త కూడా తల దించుకున్నాడు. 1920లో ఎవరు ఎన్నుకునేవాళ్లో ఎవరు నామినేషన్ కోసం ఎదురుచూసేవాళ్లో ఇందాకే చదివి వినిపించాను. ఆ గది గడప దగ్గర మనమే అలాంటి గీత గీస్తే ఎలా అని అడిగాను. వచ్చే మీటింగులో మళ్లీ మాట్లాడదామన్నారు. నేను వదలను.

ఆ రాత్రి పిన్ని కొత్త పుస్తకానికి పసుపు కూడా రాయకుండా ముందుగా రెండు వందలు పెట్టింది. ఒకటో నంబరు రసీదు ఆమెది. రెండోది మా చెల్లెలి భర్తది. నాది పదకొండోది. పందొమ్మిది మంది కట్టారు, నలుగురు వచ్చే నెల అన్నారు. చేతిలో 3,800 ఉన్నాయి. చెప్పుల జతలు ఈ శుక్రవారం బయల్దేరుతున్నాయి.

వచ్చే ఆదివారం నిజంగానే లంద దగ్గరికి వెళ్దాం. తంగేడు చెక్క కొట్టిన చేతుల జ్ఞాపకాలు మీ ఇళ్లలో ఎవరికైనా ఉంటే రాసి పంపండి, ముసలివాళ్లు ఉండగానే అడగండి.

జై భీమ్.